ఐదో పోస్టు లైటు

సెట్టు దానంతట అది మాట్లాడదు. ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. ఇరవై ఏళ్ళకు పైగా తాడిపత్రిలో వాకీటాకీలు బాగుచేస్తున్న నాకు ఈ ఒక్క విషయంలో ఎప్పుడూ అనుమానం లేదు. అందుకే యాడికి దగ్గరి సున్నపురాయి గని మేనేజరు ఫోన్ చేసి, "మేడమ్, మా సెట్లలో ఎవరో మాట్లాడకుండా మాట్లాడుతున్నారు" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.

"మాట్లాడకుండా మాట్లాడేదేంది సార్? ఎండదెబ్బ తగిలిందా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగ్ ముందు అన్ని సెట్ల మీదా లైటు వెలుగుతోంది. నాలుగైదు సెకన్లు. మాట మాత్రం రాదు. ఇరవై రోజులైంది. మావాళ్ళు పనిలోకి రామంటున్నారు."

"ఎవరి సెట్టులోనో బటన్ ఇరుక్కుపోయింటాది."

"ఇరుక్కుంటే రోజూ ఒకే టైముకి ఇరుక్కుంటుందా మేడమ్?"

జవాబు లేకపోతే నాకు కోపమొస్తుంది. వస్తానులే అని ఫోన్ పెట్టేశాను.

ఆ లైటు సంగతి ముందు చెప్పాలి. ఈ డిజిటల్ సెట్లకు ఒక కోడు ఉంటుంది. కలర్ కోడ్ అంటారు గానీ అందులో రంగూ లేదు, పాడూ లేదు. సున్నా నుంచి పదిహేను దాకా ఏదో ఒక అంకె, అంతే. రెండు సెట్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉన్నా ఆ అంకె కలవకపోతే ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. కానీ గాలిలో ఏదో వస్తోందని మాత్రం సెట్టుకు తెలుస్తుంది. అప్పుడు నెత్తి మీద చిన్న పచ్చలైటు వెలుగుతుంది. గోడకవతల ఎవరో ఉన్నారని తెలిసి, ఏమంటున్నారో తెలియనట్టు.

ఆ గనిలో సెట్లకు కోడు పెట్టింది నేనే. కొత్తవి వచ్చినప్పుడు అన్నీ ఒకటో కోడు మీద ఉండేవి. ఒకరోజు దారిన పోయే లారీ వాళ్ళెవరో తమ దగ్గరున్న సెట్టుతో మధ్యలో దూరి, రాతికి మందు పేల్చే టైములో మేస్త్రీకి పాట వినిపించారట. దాంతో పోయిన ఎండాకాలంలో మేనేజరు పిలిపిస్తే వెళ్ళి కోడు ఏడుకు మార్చాను. అప్పటినుంచి ఒకటో కోడు ఆ గనిలో లేదు. నేను మార్చానంటే మారినట్టే అని అనుకునేదాన్ని.

సోమవారం పొద్దున బస్సులో యాడికి దిగి, కంపెనీ జీపులో గనికి వెళ్ళాను. దారి పొడుగునా ఎర్రనేలల్లో చెనక్కాయ చేన్లు విత్తనం వేసిన సాళ్ళలోనే ఎండిపోయి ఉన్నాయి. గని దగ్గరకొచ్చేసరికి ఆ మాత్రం ఎరుపు కూడా పోయి అంతా తెలుపే. చెట్ల మీద, చెప్పుల మీద, మనుషుల కనురెప్పల మీద సున్నపు దుమ్ము. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఎప్పుడు వెళ్ళినా "అక్కా, మా టీవీ చూస్తావా, మా ఫోన్ చూస్తావా" అని చుట్టుముట్టేవాళ్ళు, ఆ రోజు నన్ను చూసి దూరంగానే నిలబడిపోయారు.

గని పద్ధతి ఇది. రాతిలో బెజ్జాలు తొలిచి మందు కూరాక, చుట్టూ ఉన్న ప్రతి దారి మీదా ఒక పోస్టు. పోస్టుకొక మనిషి, చేతిలో సెట్టు. మనుషులు గానీ గొడ్లు గానీ లోపలికి రాకుండా వాళ్ళు చూసుకోవాలి. సైరన్ మోగాక, మందు పేల్చే మేస్త్రీ సెట్టులో వరసగా పిలుస్తాడు. "ఒకటి" అని అతనంటే, ఒకటో పోస్టు మనిషి "ఒకటి క్లియర్" అనాలి. అందరూ అన్నాకే మేస్త్రీ మీట నొక్కాలి. ఒక్కరు కాదన్నా నొక్కకూడదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు నేనూ మేనేజరూ మేస్త్రీ పక్కన రేకుల గూట్లో నిలబడ్డాం. సైరన్ మోగి ఆగింది. ఎండకు దూరం గట్టు మీద గాలిమరలు నీళ్ళలో ఉన్నట్టు వణుకుతున్నాయి.

"ఒకటి."

"ఒకటి క్లియర్."

అలా నాలుగు దాకా అయింది. ఉన్నది నాలుగు పోస్టులే. ఇక మేస్త్రీ మీట నొక్కాలి. నొక్కలేదు. సెట్టు నోటి దగ్గరే పెట్టుకుని, పూజలో పేరు చెప్పినట్టు చిన్నగా "ఐదు" అన్నాడు. అని ఆగాడు.

నేనేదో అడగబోయాను. మేనేజరు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ నిశ్శబ్దంలో ఆయన చేతిలో సెట్టు, మేస్త్రీ చేతిలో సెట్టు, నా సంచిలో ఉన్న సెట్టు, మూడూ ఒకేసారి పచ్చగా వెలిగాయి. ఒక్క మాట లేదు, గరగర కూడా లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టేసరికి ఆరిపోయాయి. మేస్త్రీ సెట్టును కళ్ళకద్దుకుని మీట నొక్కాడు. నేల కిందనుంచి ఎవరో తన్నినట్టయింది.

దుమ్ము సర్దుకున్నాక నేనే అడిగాను, "ఐదో పోస్టు తీసేసినారు కదా, ఎవరిని పిలుస్తాండావ్?"

"తెలిసీ అడుగుతావేందక్కా?" అన్నాడు మేస్త్రీ.

తెలుసు. ఐదో పోస్టు మనిషి నాకు తెలుసు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. సెట్టును గుడ్డలో చుట్టి దాచుకునేవాడు. పోయిన ఎండాకాలంలో మేకల మంద ఒకటి లోపలికి దిగితే తోలడానికి తనూ దిగి, రాయి తగిలి అక్కడే చచ్చిపోయాడు. సెట్టులో ఒక్క మాట చెప్పకుండా పోస్టు వదిలి దిగాడని విచారణలో రాశారు. తప్పు అతనిదే అని తేల్చారు. అతని సెట్టు దొరకలేదు. అతని భార్య గని గేటు దగ్గర మూడు రోజులు కూర్చుని, వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ ఒకే మాట చెప్పింది. "ఆయన చెప్పకుండా పోయే మనిషి కాదు." ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ తర్వాత ఊర్లో ఆమెను చూస్తే జనం అనే మాట కూడా నాకు తెలుసు, నోరు తెరిచి చెప్పనోడి పెండ్లాం అని. ఆ విచారణ కాగితం మీద నా సంతకం కూడా ఉంది, సెట్లన్నీ బాగున్నాయని.

అతను పోయాక ఆ దారికి ముళ్ళకంప అడ్డం వేసి, పోస్టు తీసేశారు. కానీ మేస్త్రీ మాత్రం రోజూ నాలుగు తర్వాత ఐదును పిలుస్తూనే ఉన్నాడు. పిలిచి, ఒక మనిషి జవాబు చెప్పేంతసేపు ఆగి, అప్పుడు పేలుస్తాడు. మొదట్లో నవ్వినవాళ్ళు కూడా తర్వాత తర్వాత ఆ కాసేపూ తలగుడ్డ తీసి నిలబడటం నేర్చుకున్నారు. ఏడాది పాటు ఆ పిలుపుకు జవాబు లేదు. ఇరవై రోజుల కిందట లైటు వెలిగింది.

"వాడు క్లియర్ అంటాండాడక్కా. పిలిచినాక పలకల్ల కదా" అన్నాడు మేస్త్రీ.

నాకు ఒళ్ళు మండింది. "చచ్చినోడికి బటన్ నొక్కే వేలు యాడిదప్పా? ఎవరో బతికున్న మనిషి నొక్కుతాండారు. నువ్వు దాన్ని దేవుడనుకొని కండ్లకద్దుకొని పేలుస్తాండావు. ఆ మనిషి యాడుండాడో తెలుసునా నీకు?"

అతను తల వంచుకున్నాడు. నా నోరు అలాంటిది. అనేశాక భయం నాకే పట్టుకుంది. పేల్చే టైములో ఎవరో గని చుట్టూనే తిరుగుతున్నారు. సైరన్ విని, సరిగ్గా ఆ ఖాళీలో నొక్కుతున్నారు. ఎవరో తెలియాలంటే వాళ్ళ మాట వినాలి. మాట వినాలంటే ఆ సెట్టు కోడు ఏదో తెలియాలి.

కోడు పసిగట్టే యంత్రాలు పెద్ద కంపెనీల దగ్గర ఉంటాయి, క్షణంలో అంకె చూపిస్తాయి. నా దగ్గర ఉన్నవి ఎనిమిది పాత సెట్లు. లైటు వెలిగేది రోజుకొక్కసారి, నాలుగు సెకన్లు. ఆ లోపల ఒకే సెట్టులో పదహారు కోడ్లు తిప్పి చూడటం కుదిరే పని కాదు. అందుకని ఒక్కో సెట్టులో ఒక్కో కోడు పెట్టి వరసగా ఉంచితే, కలిసిన సెట్టు పలుకుతుంది. మంగళవారం ఎనిమిది నుంచి పదిహేను దాకా పెట్టుకుని వెళ్ళాను. రేకుల గూడు పక్కన నిలిపిన జీపు ముందు రేకు కాలిపోతుంటే తడిపిన గోనెసంచి పరిచి, దాని మీద ఎనిమిదింటినీ నిలబెట్టాను. సైరన్ మోగింది. నాలుగు పోస్టులూ పలికాయి. మేస్త్రీ ఐదును పిలిచాడు.

ఎనిమిది లైట్లూ వెలిగాయి. ఒక్కటీ నోరు తెరవలేదు.

ఏం చెప్పను, ఆ నాలుగు సెకన్లూ ఎవరో నా మొహంలో మొహం పెట్టి పెదాలు కదిలిస్తున్నట్టు అనిపించింది. లైట్లు ఆరాక మేస్త్రీ మీట నొక్కాడు. నొక్కొద్దని నేను అరవాల్సింది. అరవలేదు. ఇరవై రోజులుగా ఏమీ కాలేదు కదా, ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

బుధవారానికి మిగిలినవి సున్నా, రెండు నుంచి ఆరు దాకా. ఆరు సెట్లు చాలు. ఏడు వాళ్ళదే. ఒకటి నేను తీసేసినది. రెండు సెట్లు ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా మోసుకుపోవడం ఎందుకని, ఒకదాన్లో ఒకటో కోడు పెట్టాను. నమ్మకంతో కాదు, ఊరికే.

ఆ రోజు గాలి లేదు. గట్టు మీద గాలిమరలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. కాకి అరుపు కూడా లేదు. పనివాళ్ళు జీపు దగ్గరికి రాకుండా రేకుల గూడు వెనక గుంపుగా నిలబడ్డారు. సైరన్, ఒకటి, రెండు, మూడు, నాలుగు. మేస్త్రీ గొంతు తగ్గించి "ఐదు" అన్నాడు.

లైట్లు వెలిగాయి. నా ముందున్న గోనెసంచి మీదనుంచి ఆడమనిషి గొంతు వచ్చింది.

"ఐదు నంబరు. క్లియర్ కాదు. ఆపండి. క్లియర్ కాదు, ఆపండి."

అరుపు కాదు. ఏడుపు కాదు. రోజూ చెప్పే పని చెబుతున్నట్టు నిదానంగా చెప్పింది. వెనకనుంచి ఎవరో "అమ్మా" అని కేకపెట్టి పరిగెత్తారు. మేస్త్రీ చెయ్యి మీట మీదికి పోతోంది. అలవాటు పడిన చెయ్యి. నేను ఎగిరి రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకున్నాను.

"ఆపు! ఆపుతావా లేదా! మనిషుండాది ఆడ!"

ఆపాడు. రోజూ ఆ క్షణంలో రావాల్సిన చప్పుడు రాలేదు. అది రాకపోవడం ఎంత భయంగా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు.

అప్పుడు చూశాను, పలికింది ఏ సెట్టో. ఒకటో కోడు సెట్టు.

ఆ గనిలో ఒకటో కోడు మీద సెట్టు ఉందంటే, నేను మార్చని సెట్టు ఒకటి ఉందన్నమాట. నేను కోడు మార్చిన రోజున ఐదో పోస్టు మనిషి సెలవు. అతని సెట్టు ఇంట్లో ఉండిపోయింది. మిగతావన్నీ మార్చి, నా పుస్తకంలో అన్నిటికీ టిక్కు పెట్టుకున్నాను. అతనిది రేపు వచ్చినప్పుడు చేద్దాంలే, దానికోసం ఒక గీత ఖాళీ పెట్టడం ఎందుకులే అనుకున్నాను. మర్నాడు పొద్దున అతనే ఊర్లోనుంచి ఫోన్ చేశాడు. "అక్కా, నా సెట్టులో లైటు వస్తాండాది, ఎవురి మాటా రాలా. సచ్చిన సెట్టు మాదిరి ఉండాది." నేను బస్టాండులో ఎవరితోనో సీటు కోసం పోట్లాడుతున్నాను. "బ్యాటరీ చార్జింగ్ పెట్టుకో పోప్పా, పొద్దున్నే నా ప్రాణం తీయొద్దు" అని పెట్టేశాను. ఆ మధ్యాహ్నమే అతను పోయాడు.

ఆ ఫోన్ సంగతి నేను మర్చిపోయానని చెప్పుకుంటూ వచ్చాను. మర్చిపోలేదు. బ్యాటరీయే అయ్యుంటుంది అని నమ్మాను. అలా నమ్మితే నిద్ర పట్టేది, అంతే.

మేస్త్రీని పక్కకు లాగి అడిగాను. "ఆ దినం ఐదో పోస్టు పలికినాడా?"

అతను నేలమీద కూలబడ్డాడు. "పలకలేదక్కా."

"పలక్కపోతే ఎట్ల పేల్చినావ్?"

"లైటు వెలిగింది." అతని గొంతు నాకే సరిగా వినపడలేదు. "ఆ మూల దిబ్బ అడ్డం కదా. వాని మాట తెగి తెగి వస్తాన్నెది. ఒక్కోసారి రానే రాదు, లైటు మాత్రం వస్తుంది. లైటొస్తే పలికినాడనే లెక్క. మేమంతా అట్లే చేస్తాంటిమి. ఆ దినం గూడా లైటొచ్చింది. క్లియరే అంటాంటాడులే అని నొక్కితి."

"విచారణలో ఏంటికి చెప్పలేదు?"

"నన్ను ఎవురూ అడగలేదక్కా. కాగితం రాసేసినాక నాకు నోరు రాలేదు. అందుకే దినామూ పిలుస్తాండా వాన్ని."

అతన్ని తిట్టడానికి నాకు ఏ మొహం ఉంది? ఇద్దరం ఆ దుమ్ములో కూర్చున్నాం. మేనేజరు పైన నిలబడి అంతా విన్నాడు.

కాసేపటికి దిబ్బ వెనక బండిబాట మీదుగా ఒక మనిషి రావడం కనిపించింది. నడినెత్తిన ఎండ, నీడ కూడా లేదు. తెల్లటి నేల మీద సన్నటి ఆకారం, నెత్తిన కొంగు, ముందుకు చాపిన చేతిలో నల్లటి సెట్టు. పనివాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. దగ్గరకొచ్చాక గుర్తుపట్టాను. గేటు దగ్గర కూర్చున్న మనిషే. ఏడాదిలో మనిషి సగమైంది.

మేమేమీ అడగకముందే ఆమే అడిగింది. "ఈ దినం ఏంటికి ఆపినారు?"

మేనేజరు నా వైపు చూశాడు.

"ఇరవై దినాలుగా చెప్తాండా. ఒక్క దినమూ ఆపల్యా. ఈ దినం ఏంటికి ఆపినారు?"

సెట్టు ఎక్కడిదమ్మా అని మేనేజరు అడిగాడు. మేక పిల్ల కంప కింద ఇరుక్కుంటే తీయబోయి చూశానంది. రెండు బండల సందులో ఉందట. చార్జరు అతను పోయినప్పటినుంచీ ఇంట్లో గూట్లోనే ఉంది. పెట్టి చూస్తే లైటొచ్చింది. ఈ సెట్లు దుమ్ముకూ వానకూ చావవు, అది నాకు తెలుసు.

"ఆయన నిలబడే తావులోనే నిలబడి చూస్తాంటి. సైరన్ అయినాక లైటు వెలిగి ఆరుతాది. తొమ్మిది తూర్లు. నలుగురికీ రెండు రెండు, అవి అయినాక ఒకటి. ఆ ఒకటి ఆయన్ని పిలిచేదే అని నాకు తెలిసిపాయ. నేను నొక్కి, ఆయన ఇంట్లో చెప్పి చూపిస్తాండిన మాటే చెప్తి. క్లియర్ కాదు, ఆపండి అని. ఒక్క దినమన్నా ఆపుతారేమో చూద్దామని. మీరు పేల్చేస్తిరి. మల్లా దినం గూడా పేల్చేస్తిరి. అప్పుడు నాకు అర్థమాయ. ఆ దినం గూడా మీరు ఆయన మాట ఇనినారు. ఇని, పేల్చినారు."

ఇరవై రోజులు ఆమె ఆ ఎండలో ఒంటరిగా నిలబడి, మేమంతా హంతకులమని రోజుకొక్కసారి రుజువు చేసుకుంటోంది. మేమేమో ఇటువైపు నిలబడి ఆ లైటుకు దండం పెట్టుకుంటున్నాం. చెప్పాలి, నేనే చెప్పాలి.

"ఇనపడలేదు తల్లీ. ఎవురికీ ఇనపడలేదు. ఈ సెట్టు మాట ఆ సెట్లకు వినపడాలంటే లోపల ఒక అంకె మార్చాల. అందరివీ మార్చినా, మీ ఆయనది మార్చలేదు. మార్చినానని రాసుకున్నా. ఆ పొద్దున నాకు ఫోన్ చేసి చెప్పినాడు, సెట్టు పలకడం లేదని. నేను కసురుకున్నా. తప్పు నాది."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది, కొట్టున్నా బాగుండేది. నా మాటల్లో ఆమెకు కావలసింది ఇంకా రాలేదు, దానికోసం నా నోటి వైపే చూస్తోంది.

"అయితే ఆయన చెప్పినాడా?" అంది.

నేను మేస్త్రీ వైపు చూశాను. అతను లేచి నిలబడి తలగుడ్డ తీశాడు.

"చెప్పినాడమ్మా. ఆ దినం లైటు వెలిగింది. నా కండ్లారా చూసినా. నాలుగైదు సెకండ్లు వెలిగింది. ఊరికే క్లియర్ అనేదానికి అంతసేపు పట్టదు. వాడు ఆపమన్నాడు. నేను లైటు చూసి నొక్కినా."

"చెప్పినాడు" అంది ఆమె, మాతో కాదు. కింద కూర్చుంది. మళ్ళీ అంది, "చెప్పినాడు." ఏడవలేదు. నేనే ఏడ్చాను, అంతమంది ముందు, కొంగు నోట్లో కుక్కుకుని.

మేనేజరు నెమ్మదిగా, ఇవన్నీ ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. ఆమె తలెత్తింది. "ఆయన మీద ఒక మాట రాసినారు కదా సార్. ఆ మాట ఎప్పుడు మారుస్తారు?"

"నేను ఇప్పుడే రాసిస్తా" అన్నాను. జీపు మీద సెట్లు పక్కకు జరిపి, ఆ తడి గోనెసంచి మీదే పుస్తకం పెట్టుకుని రాశాను. కోడు మార్చని సంగతి, ఫోన్ సంగతి, అబద్ధపు టిక్కు సంగతి. కింద మేస్త్రీ తన సంగతి చెప్పి రాయించి సంతకం పెట్టాడు. ఆ కాగితం తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగిందో, ఆ గని పని నా చేతిలోనుంచి ఎలా పోయిందో చెప్పుకునే ఓపిక నాకు లేదు. అతని మీద రాసిన వాక్యం మాత్రం కొట్టేశారు.

కానీ ఆ రోజు పని ఇంకా మిగిలే ఉంది. కూరిన మందు అలా వదిలిపెట్టి పోవడానికి లేదు, పొద్దు ఉండగానే పేల్చి తీరాలి. పోస్టుల దగ్గర నలుగురూ ఎండలో ఏం జరుగుతోందో తెలియకుండా నిలబడి ఉన్నారు. ఆమె లేచి చేతిలో సెట్టు నాకిచ్చింది.

"ఇనపడేట్టు చెయ్యక్కా."

సంచిలోని ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించి, ఒకటి తీసి ఏడు పెట్టాను. రెండు నిమిషాల పని. తిరిగి ఆమె చేతికిచ్చాను.

మళ్ళీ సైరన్ మోగింది. మేస్త్రీ పిలవడం మొదలుపెట్టాడు. ఒకటి క్లియర్. రెండు క్లియర్. మూడు క్లియర్. ఇప్పుడు ఆమె చేతిలో సెట్టు కూడా మాటలు పలుకుతోంది. మాట వచ్చిన ప్రతిసారీ ఆమె ఉలిక్కిపడుతోంది.

"నాలుగు."

లైటు వెలిగింది, ఆరింది. మాట రాలేదు. ఆ మనిషి ఎక్కడ నీడకు జరిగి నిలబడ్డాడో ఏమో. మేస్త్రీ అలవాటు కొద్దీ తర్వాతి అంకె అనబోయాడు.

"మాట రానీ" అంది ఆమె.

అతను ఆగాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలిచాక, ఆయాసపడుతూ గొంతు వచ్చింది. "నాలుగు క్లియర్, నాలుగు క్లియర్. బండ వెనక ఉంటి."

మేస్త్రీ సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆమె అతని ఎదురుగా, మూడు అడుగుల దూరంలో ఉంది. అయినా సెట్టులోనే పిలిచాడు.

"ఐదు."

ఆమె బటన్ నొక్కింది. మా అందరి సెట్ల మీదా లైటు వెలిగింది. ఈసారి సెట్లలోనుంచి ఆమె ఊపిరి వినపడుతోంది, నాలుగు పోస్టుల దగ్గరా వినపడుతూ ఉండాలి. నోరు తెరిచింది, మూసింది. క్లియర్ అనే ఆ ఒక్క మాట ఆమెకు రావడం లేదు. మేస్త్రీ మీట మీదనుంచి చెయ్యి తీసేశాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె చెప్పే దాకా మేమంతా ఆగాం.